దొంగ దీపం

రీగా శివార్లలో, మూతపడ్డ రేడియో ఫ్యాక్టరీ వెనకాల,
హీటరు ఒకవైపే పనిచేసే గది.
నవంబరు. నాలుగు కాకుండానే చీకటి.

చెక్కమీద మూడు చదరాలు, ఒకదాని కడుపులో ఒకటి.
కొన్ని దేశాల్లో దీన్ని దాడి అంటారట.
మేం తిరగలి అంటాం:
మూడు కాయలు వరసకొస్తే
అవతలివాడి కాయ ఒకటి నలిగిపోతుంది.

మొత్తం ఇరవైనాలుగు కూడళ్ళు.
ఒక్కోదాని కింద ఒక గాజుగొట్టం,
అందులో రెండు ఇనపరేకులు
వెంట్రుకవాసి దూరంలో ఊపిరి బిగబట్టి.
కాయ అడుగున అయస్కాంతం.
కాయ వచ్చి కూర్చుంటే రేకులు తగులుకుంటాయి,
పక్కన చిన్న దీపం వెలుగుతుంది.
నల్లకాయో తెల్లకాయో వాటికి తెలియదు.
ఎవరి వంతో గుర్తుంచుకుంటే చాలు.

ఇరవైనాలుగు చోట్లకి ఇరవైనాలుగు తీగలెందుకు?
నాలుగు అడ్డం, ఆరు నిలువు.
పది చాలు, అన్నాను,
ప్రపంచానికి పద్నాలుగు తీగలు మిగిల్చినవాడిలా.

స్కైద్రీతె నా గీతల్ని అద్దాల పైనుంచి చూసింది.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ గోడ అవతల
రేడియోలకి సీసం కరిగించి పోసిన మనిషి.
"కాగితం మీద కరెంటు ఎప్పుడూ బుద్ధిమంతురాలే" అంది.
"డయోడ్లేవి?"

ఆట చిన్నదే కదా, అన్నాను.
అక్కర్లేదు, అన్నాను.
నిజానికి కొనడం మర్చిపోయాను.

మూడురోజులు అతికింది.
పుల్లటి పొగ, తడిస్పాంజి మీద మొన తుడిచినప్పుడల్లా
పిల్లి తుమ్మినట్టు చిన్న చప్పుడు.
గురువారం సాయంత్రం బ్యాటరీ పెట్టాం.

ఒక కాయ. ఒక దీపం.
రెండు. రెండు.
మూడో కాయ పెట్టాను.
నాలుగు దీపాలు.

కాయని తడిమాను, చెక్కని తిప్పి చూశాను,
అతుకుల్ని భూతద్దంతో వెతికాను.
అన్నీ ఆమె అతుకులు, అద్దంలా ఉన్నాయి.
తప్పు నాది:
నేను కాపలా పెట్టని కరెంటు
మూడు గుమ్మాలు తిరిగి, దొడ్డిదారిన వచ్చి
ఖాళీ కూడలి దగ్గర నిలబడి
నేనిక్కడున్నా అంటోంది.

ఆమె మాట్లాడలేదు.
ఆ దీపం కిటికీవైపు మూలలో ఉంది.
బుధవారాలు ఈ గదిలో తిరగలి ఆడేవాళ్ళు నలుగురు,
జంటలుగా, పాత చెక్క మీద.
కిటికీ మూల వోల్డిస్‌ది.
ఓడిపోయే ముందు మీసం కొరుక్కునేవాడు.
మార్చి నుంచి ముగ్గురే.

వేడివేడి మొన స్టాండులో పొగలుకక్కుతోంది.
నాకు పిచ్చిపిచ్చి ఆలోచన వచ్చింది,
పైకి అనేశాను కూడా:
"ఆ ఒక్కటీ అలాగే ఉంచేద్దామా?"

నా వంక చూసిన చూపుకి
హీటరు రెండోవైపు కూడా వెలిగినట్టయింది.
"లేనివాడికి వంతు ఇస్తావా?
ఉన్నవాళ్ళ ఆట ఏమైపోవాలి?
వోల్డిస్ బతికుంటే నీ చెవి మెలిపెట్టేవాడు.
దొంగాట ఒక్కనాడు ఆడలేదు వాడు.
వెళ్ళు. ఇరవైనాలుగు. రెండు ఎక్కువే తీసుకో,
నీ చేతివాటం నాకు తెలుసు."

డయోడు ఒకవైపే తెరుచుకునే తలుపు.
వెండిగీత ఎటుందో చూసి పెట్టాలి.
నేను ఒకటి తిరగేసి పెట్టాను,
ఆ కూడలి చచ్చి ఊరుకుంది.
ఆమె ఏమీ అనకుండా పీకి, పారేసి,
డబ్బాలో ఇంకోటి తీసుకుంది.
అందుకే రెండు ఎక్కువ.

అర్ధరాత్రి దాటాక మళ్ళీ మూడు కాయలు.
మూడు దీపాలు.
కిటికీ మూల ఉత్త చెక్క.

"సరిపోయింది" అని గొంతు సవరించుకుంది.
తర్వాత చాలాసేపు వేలికాలిన చోట ఊదుకుంది.
ఆ వేలు అసలు కాలినట్టు నాకనిపించలేదు.

ఆపైన నల్లకాయలు తనవైపు లాక్కుని
నన్ను కిటికీ మూలకి కూర్చోమంది.
పద్నాలుగో ఎత్తుకే తిరగలి కట్టింది.
నేను గోరు కొరుక్కుంటుంటే
"అలవాటు చేసుకోకు" అంది.